వైద్యానికి విదేశం: గోదావరి ఇళ్లలో లెక్క ఎక్కడ మొదలవ్వాలి

కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కలా విదేశంలో ఒక్క మనిషైనా లేని బంధువర్గం ఇవాళ అరుదు. డాలస్‌లో అబ్బాయో, కువైట్‌లో ఆడపడుచో, సిడ్నీలో మేనల్లుడో ఎవరో ఒకరు ఉంటారు. అందుకే ఇంట్లో పెద్ద జబ్బు బయటపడిన రోజు సాయంత్రానికల్లా ఆ మాట వచ్చేస్తుంది: “అబ్బాయి అక్కడే ఉన్నాడు కదండీ, అమెరికా తీసుకెళ్లిపోతే పోలా?” ప్రేమతోనూ భయంతోనూ అనే మాటే అది. అందులో కాస్త పరువు కూడా కలిసి ఉంటుంది. ఇక్కడ దొరకని వైద్యం అక్కడ ఏముందని మాత్రం ఎవరూ అడగరు.

విదేశీ వైద్యం గొప్పదా, మనది గొప్పదా అన్న పంచాయితీ జోలికి ఈ వ్యాసం పోదు. ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు అక్కర్లేదు, వెళ్లక తప్పకపోతే ఏ పని తర్వాత ఏ పని జరగాలి అన్నదే ఇక్కడి సంగతి. మన ఇళ్లలో ఈ వరుస తలకిందులుగా నడుస్తోంది. ముందు వీసా గురించి వాకబు చేస్తారు, తర్వాత పొలం బేరం పెడతారు, ఆ తర్వాత డాక్టరును వెతుకుతారు. జబ్బు పక్కాగా ఏమిటో తేల్చుకోవడం అన్నిటికంటే చివర్న వస్తుంది.

ఒకప్పుడు తప్పేది కాదు

ఒంట్లో బాగోక సముద్రం దాటిన వాళ్లలో ఈ డెల్టాకు బాగా తెలిసిన పేరు కాటన్ దొరది. ధవళేశ్వరం ఆనకట్ట పని నడుస్తుండగానే 1848లో జబ్బుపడి, బాధ్యత కెప్టెన్ ఆర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వెళ్లారు. 1850లో తిరిగొచ్చి, 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించారు.

మన పెద్దవాళ్లకు గుర్తున్నవి మరో రెండు ప్రయాణాలు. అక్కినేని నాగేశ్వరరావు 1974లో గుండె ఆపరేషన్‌కు అమెరికా వెళ్లారు. మన దేశంలో తొలి బైపాస్ జరిగింది ఆ మరుసటి ఏడాది, మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో, డాక్టర్ కె.ఎం. చెరియన్ చేతుల మీదుగా. కాబట్టి అక్కినేని వెళ్లేనాటికి వెళ్లడంలో అర్థం ఉంది. పదేళ్లకు, 1984లో, ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్.టి. రామారావు కూడా గుండె ఆపరేషన్‌కు అమెరికా వెళ్లారు. ఆగస్టులో తిరిగొచ్చిన రెండు మూడు రోజులకే, 16వ తేదీన, ఆయన కుర్చీలో నాదెండ్ల భాస్కరరావు కూర్చున్నారు. సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ప్రమాణం చేశారు. రాజకీయం సంగతి ఎలా ఉన్నా, సామాన్యుడికి పనికొచ్చే పాఠం ఇందులో ఒకటుంది. ఇంటిపెద్ద కొన్ని నెలలు ఊళ్లో లేకపోతే వ్యవహారం ఆయన కోసం ఆగదు. చేపల చెరువు పట్టుబడి, కౌలు లెక్క, బ్యాంకు వాయిదా ఎవరు చూస్తారో, చెక్కుల మీద ఎవరు సంతకం పెడతారో బయల్దేరే ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

సామాన్య జనానికి చాలాకాలం వేలూరే విదేశం. శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాట్పాడిలో దిగడం, లాడ్జీలో గది తీసుకుని స్టవ్వు మీద అన్నం వండుకుంటూ వారాల తరబడి పరీక్షలకు తిరగడం ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు అనుభవమే. దేశంలో మొదటి ఓపెన్ హార్ట్ ఆపరేషన్ 1961లో, మొదటి కిడ్నీ మార్పిడి 1971లో జరిగింది ఆ ఊళ్లోని సీఎంసీ ఆసుపత్రిలోనే. అమెరికా వెళ్లే స్తోమత లేక 1979లో ఒక యువ రోగి కళ్లముందే చనిపోవడమే తనను ఆసుపత్రి కట్టేలా చేసిందని చెప్పే డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి 1983లో మద్రాసులో అపోలో తెరిచారు. అమెరికాలో స్థిరపడ్డ డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు వెనక్కి వచ్చి 1987లో హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి పెట్టారు. దానికి స్థలం, విరాళం ఇచ్చిన ఎల్.వి. ప్రసాద్‌ది ఏలూరు దగ్గర సోమవరప్పాడు. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో మొదటిసారి గుండె మార్పిడి విజయవంతంగా చేసిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ మన రాజమండ్రి వారు. 2000లో హైదరాబాద్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. ఈ నలభై ఏళ్లలో సముద్రం దాటాల్సిన కారణాలు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి.

ఇవాళ బయట మిగిలినవి ఏవి?

బైపాస్, వాల్వు మార్పిడి, మోకీలు, తుంటి, కిడ్నీ, కాలేయ మార్పిడి, సాధారణంగా వచ్చే క్యాన్సర్లు: వీటి కోసం డెల్టా నుంచి విదేశానికి వెళ్లాల్సిన పని లేదు. నిజానికి ఎదురు ప్రయాణమే ఎక్కువ. ఆఫ్రికా, గల్ఫ్ దేశాల రోగులు మెడికల్ వీసా మీద హైదరాబాద్, చెన్నై వస్తున్నారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు సంక్రాంతికి వచ్చినప్పుడు పళ్లు కట్టించుకుని, కళ్లు చూపించుకుని వెళ్తున్నారు.

మొన్నటిదాకా బయటే దొరికినవి కూడా దగ్గరికి వచ్చాయి. క్యాన్సర్ కణితి చుట్టుపక్కల భాగాలకు దెబ్బ తక్కువగా తగిలేలా ఇచ్చే ప్రోటాన్ చికిత్స 2019 నుంచి చెన్నైలో ఉంది. రోగి రక్తంలోని కణాలనే బయటికి తీసి, మార్చి, క్యాన్సర్ మీదికి పంపే కార్‌-టీ చికిత్స అమెరికాలో 2017లో వచ్చినప్పుడు ఒక్క మందు ధరే 4,75,000 డాలర్లు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి రూపొందించిన నెక్స్‌కార్‌19కు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. దాని ఖర్చు అమెరికా ధరలో చిన్న వంతు. అది అన్ని రక్త క్యాన్సర్లకూ పనికిరాదు, కొన్ని రకాలకే. అయినా ‘అమెరికాలోనే ఉందట’ అన్న మాట ఎంత తొందరగా పాతబడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మిగిలినవి ప్రధానంగా మూడు. ఒకటి, ఇక్కడ ఇంకా అనుమతి రాని కొత్త మందులు, జన్యు చికిత్సలు. రెండు, ఏడాదికి ఏ కొద్దిమందికో చేసే అరుదైన ఆపరేషన్లు. అవి తరచు చేసే చేతుల్లోనే బాగుంటాయి. మూడు, ప్రయోగదశలోని చికిత్సలు. ఈ మూడోదాంట్లో ఒక తేడా తెలుసుకోవాలి. సక్రమమైన ప్రయోగంలో పరిశీలిస్తున్న మందుకు సాధారణంగా రోగి దగ్గర డబ్బు తీసుకోరు. అమెరికా ప్రభుత్వ పరిశోధన ఆసుపత్రి, బెథెస్డాలోని ఎన్‌ఐహెచ్ క్లినికల్ సెంటర్, ప్రయోగంలో చేరిన వాళ్లకు వైద్యం ఉచితంగానే చేస్తుంది. ‘ప్రయోగం’ పేరు చెప్పి లక్షలు అడిగేవాళ్లు ఎదురైతే అక్కడే ఆగి ఆలోచించాలి.

మనిషి వెళ్లాలా, మందు రావాలా?

చాలా సందర్భాల్లో మనిషి కదలకుండా మందునే రప్పించుకోవచ్చు. వెన్నెముక కండరాల క్షీణత ఉన్న పసిపిల్లలకు ఇచ్చే జోల్‌జెన్‌స్మా ధర రూ.16 కోట్ల దాకా ఉండేది. 2021లో హైదరాబాద్‌లోని ఒక బిడ్డకు వేలమంది చందాలతో ఆ మందు తెప్పించి, ఇక్కడి ఆసుపత్రిలోనే ఎక్కించారు. మన కోనసీమలోనే ఇంకో ఉదాహరణ ఉంది. గాషే అనే అరుదైన జబ్బుతో పుట్టిన చిన్నారి గోడును 2022 గోదావరి వరదల సమయంలో తల్లిదండ్రులు పర్యటనకు వచ్చిన ముఖ్యమంత్రికి చెప్పుకున్నారు. ఒక్కోటి లక్షకు పైగా ఖరీదు చేసే విదేశీ ఇంజెక్షన్లను ప్రభుత్వం తెప్పించి అమలాపురం ఏరియా ఆసుపత్రిలోనే వేయించింది.

దారి తెలియాలే గానీ ఏర్పాట్లు ఉన్నాయి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద, గుర్తించిన జబ్బులకు రూ.50 లక్షల వరకు సాయం ఉంది. తెలుగువాళ్లకు దగ్గరి కేంద్రం హైదరాబాద్‌లో నిమ్స్‌తో కలిసి పనిచేసే సీడీఎఫ్‌డీ. ఆ జాబితాలోని జబ్బులకు సొంత వాడకం కోసం తెప్పించుకునే మందులపై మూల కస్టమ్స్ సుంకం 2023 ఏప్రిల్ నుంచి లేదు. ఇక్కడ అమ్మకానికి లేని మందును డాక్టరు చీటీతో సొంత వాడకానికి దిగుమతి చేసుకోవడానికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇస్తుంది.

మందు నడిచే దారి గురించి మాట్లాడేటప్పుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవాలి. 1920ల్లో అమెరికా వెళ్లిన ఆయన మళ్లీ ఈ గడ్డ మీద అడుగు పెట్టకుండానే 1948లో కన్నుమూశారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం పని నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ పిల్లల రక్త క్యాన్సర్‌కు ఈనాటికీ వాడుతున్నారు, కాకినాడ పెద్దాసుపత్రికి వచ్చిన బిడ్డకైనా, బోస్టన్ బిడ్డకైనా.

ముందు చీటీ, తర్వాత టికెట్టు

వెళ్లాలా వద్దా అన్నది తేల్చేది రెండో డాక్టరు అభిప్రాయం. దానికి మనిషి అక్కరలేదు, సరైన సామగ్రి చాలు. క్యాన్సర్ అనుమానంతో ముక్క పరీక్ష చేసినప్పుడు తీసిన కండను ల్యాబులో మైనంలో బిగిస్తారు. గోరంత కండ ముక్క, చుట్టూ తెల్లని మైనం, అడుగున చిన్న ప్లాస్టిక్ చట్రం, దాని అంచున పెన్సిలుతో రాసిన నంబరు. బ్లాకు అంటే ఇదే. దీన్నుంచి పలచని పొరలు కోసి గాజు పలక మీద పరిచి రంగు అద్దితే స్లైడు అవుతుంది. రిపోర్టులో రాసింది ఒక డాక్టరు కంటికి కనిపించింది. బ్లాకు పంపితే రెండో చోట మళ్లీ కోసి, కొత్త పరీక్షలు చేసి చూస్తారు. రాజమండ్రి దానవాయిపేటలో చేయించినా, కాకినాడలో చేయించినా ల్యాబువాళ్లను అడిగి, సంతకం పెట్టి బ్లాకు తీసుకోవచ్చు. అది మైనమన్న సంగతి మాత్రం మరవకూడదు. రోహిణి కార్తెలో ఆపి ఉంచిన కారులో వదిలేస్తే మెత్తబడిపోతుంది.

స్కానులదీ అదే తీరు. చుట్టచుట్టి సంచిలో పెట్టుకునే ఫిల్ములు దూరాన ఉన్న డాక్టరుకు పెద్దగా పనికిరావు. స్కాన్ సెంటరు ఇచ్చే సీడీ, లేదా అందులోని డైకామ్ ఫైళ్లు కావాలి. వీటితో పాటు డిశ్చార్జి సమ్మరీ, ఇప్పటిదాకా వాడిన మందుల జాబితా వాటి అసలు పేర్లతో, అంటే కంపెనీ పెట్టిన పేర్లతో కాకుండా, రాయించుకోవాలి. మనకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఆసుపత్రి కాగితాల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పేరుకు ముందు, పాస్‌పోర్టులో పేరు తర్వాత ఉంటుంది. ఈ మూడు పేర్లూ ఒకే మనిషివని అక్కడి ఆసుపత్రి, బ్యాంకు, వీసా అధికారి నమ్మాలి. కొత్త రిపోర్టులన్నీ పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే ఇప్పించుకోవడం మేలు.

క్యాన్సరుకు డెల్టావాళ్లకు దగ్గరి టాటా కేంద్రం విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రి. మిగతావాటికి నిమ్స్, వేలూరు ఉండనే ఉన్నాయి. విదేశీ పెద్దాసుపత్రులు కూడా రుసుము తీసుకుని కాగితాల మీద అభిప్రాయం ఇస్తాయి. వాళ్లను సూటిగా అడగాల్సినవి మూడు: ఈ వైద్యం ఇండియాలో లేదా? ఉంటే మీ దగ్గర అదనంగా వచ్చే ఫలితం ఎంత? రోగి మీ దగ్గర ఎన్నాళ్లు ఉండాలి? తడుముకోకుండా రాతపూర్వకంగా జవాబిచ్చిన ఆసుపత్రితోనే ముందుకు వెళ్లాలి.

డబ్బు

విదేశీ ఆసుపత్రి ఇచ్చే అంచనా కాగితంలో మొదటి పేజీ అంకె కంటే చివర్న చిన్న అక్షరాల్లో ‘ఇందులో చేరనివి’ అని ఉండే భాగాన్ని ముందు చదవాలి. సర్జను ఫీజు విడిగా ఉందా, మత్తు డాక్టరు బిల్లు వేరేనా, ఐసీయూ ఎన్ని రోజులకు లెక్క వేశారు, రెండోసారి థియేటరులోకి తీసుకెళ్లాల్సి వస్తే ఎంత, ఇంటికెళ్లేప్పుడు రాసే మందులు ఎవరి ఖాతాలో, అన్నీ అక్కడే తేలతాయి. దానికి తోడు ఇద్దరు మనుషుల బస, తిండి, టికెట్ల మార్పు, డాలరు పెరుగుదల. అంచనాలో కనీసం సగం అదనంగా చేతిలో లేకుండా బయల్దేరితే మధ్యలో చిక్కుకుపోవడమే.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఒక్కో మనిషి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపవచ్చు. వైద్యానికి అంతకు మించి కావాలంటే డాక్టరు లేదా ఆసుపత్రి ఇచ్చిన అంచనా చూపాలి. ఏడాదిలో పంపింది రూ.10 లక్షలు దాటితే పైన ఉన్న మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. అది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది లేదా తిరిగి వస్తుంది. విదేశంలో ఉన్న పిల్లలు అక్కడి సంపాదన నుంచి నేరుగా ఆసుపత్రికి కట్టేస్తే ఈ తిప్పలేవీ ఉండవు.

బీమా మీద ఆశలు పెట్టుకోకూడదు. మన ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటికి దేశం సరిహద్దే హద్దు. ప్రయాణ బీమా అనుకోకుండా వచ్చే జబ్బుకే తప్ప, వైద్యం కోసమే వెళ్లేవాళ్లకు వర్తించదు. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మొన్నటి ఆరోగ్యశ్రీ, విదేశీ ఆసుపత్రికి రాదు. ఆదరాబాదరాగా పొలం బేరం పెడితే కొనేవాడు మన అవసరం పసిగట్టి ధర తగ్గిస్తాడు. అమ్మక తప్పకపోతే రెండో అభిప్రాయం చేతికొచ్చాకే అమ్మాలి.

వీసా, విమానం

భీమవరంలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, తత్కాల్ పద్ధతీ ఉంది. అమెరికా వైద్య ప్రయాణానికి సందర్శక వీసాయే. ఇక్కడి డాక్టరు రాసిన జబ్బు వివరం, అక్కడి ఆసుపత్రి చేర్చుకుంటామని ఖర్చుతో సహా ఇచ్చిన లేఖ, డబ్బు ఎక్కడిదో చూపే ఆధారం పట్టుకుని హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు వెళ్లాలి. ‘మనవణ్ని చూడ్డానికి’ అని చెప్పి వైద్యం చేయించుకుందామన్న సలహా వినకండి. అబద్ధం బయటపడితే ఆ మచ్చ మళ్లీ పెట్టుకునే ప్రతి దరఖాస్తు మీదా ఉంటుంది. బ్రిటన్‌కూ ఇలాగే అక్కడి డాక్టరు లేఖ కావాలి.

రాజమండ్రి విమానాశ్రయం మధురపూడి నుంచి విదేశానికి నేరు విమానం లేదు, హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో మారాలి. జబ్బు మనిషిని ఎక్కించే ముందు విమాన సంస్థ మెడిఫ్ అనే ఫారం అడగవచ్చు; దాన్ని డాక్టరు నింపాలి. ఆక్సిజన్, స్ట్రెచరు కావాలంటే రోజుల ముందే చెప్పాలి. మందులు చేతి సంచిలోనే, చీటీతో సహా ఉంచుకోవాలి.

అప్పటికే అక్కడ ఉన్నవాళ్లు

ఈ చర్చలో ఎవరికీ గుర్తురాని వాళ్లు ఇద్దరున్నారు. ఒకరు కోనసీమ, నరసాపురం పల్లెల నుంచి కువైట్, ఒమన్, ఖతర్‌లకు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు. వాళ్లు వైద్యం కోసం వెళ్లలేదు, వెళ్లిన చోట జబ్బుపడతారు. ఎమిగ్రేషన్ అనుమతితో వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 మాత్రమే, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వికలాంగులైనా రూ.10 లక్షలు, వైద్యానికి రూ.1 లక్ష వస్తుంది. విజిటింగ్ వీసా మీద ఏజెంటు పంపిన మనిషికి ఇది ఉండదు. ఆపదలో ఎంబసీలోని ప్రవాస భారతీయ సంక్షేమ నిధిని అడగవచ్చు. పాలసీ కాగితం ఫొటో ఇంట్లోవాళ్ల ఫోన్లో ఉండాలి.

రెండోవారు కూతురి పురిటికో కొడుకు గృహప్రవేశానికో అమెరికా వెళ్లిన అమ్మానాన్నలు. అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని డబ్బు లేదని తిప్పి పంపకూడదని అక్కడ 1986 నుంచి చట్టం ఉంది. కానీ అది స్థిమితపడే వరకే. బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది. సందర్శకుల బీమాలో పాత బీపీ, షుగరు, గుండెజబ్బుకు ఎంత వర్తిస్తుందో టికెట్టు కొనకముందే అడగాలి. బిల్లు భారమైతే లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో రాయితీ విధానం తప్పక ఉంటుంది, దరఖాస్తు అడిగి తీసుకోవాలి.

తిరిగొచ్చాక

ఆపరేషన్ బాగా జరిగింది సరే, ఆరు నెలలకు జ్వరం వస్తే ఎవరికి చూపించాలి? అవయవ మార్పిడి అయినవాళ్లు జీవితాంతం మందులు వాడాలి, రక్తంలో మందు మోతాదు చూపించుకుంటూ ఉండాలి. అందుకే వెళ్లకముందే రాజమండ్రిలోనో కాకినాడలోనో విశాఖలోనో ఒక డాక్టరును మాట్లాడుకుని, అక్కడి సర్జనుకు ఆయన్ని పరిచయం చేసి ఉంచాలి. తిరుగు ప్రయాణంలో ఆపరేషన్ నోట్సు, అమర్చిన పరికరం కార్డు, మందుల అసలు పేర్లు తెచ్చుకోవాలి. అక్కడ రాసిన మందు ఇక్కడ దొరుకుతుందో లేదో ఇంటికొచ్చాక చూస్తే ఆలస్యమైనట్టే.

ఆశను అమ్ముకునేవాళ్లు దారి పొడుగునా ఉంటారు. ఆటిజానికి, పక్షవాతానికి మూలకణాలతో నయం చేస్తామనే విదేశీ క్లినిక్కులు వాళ్లలో ముందువరుస. రక్త సంబంధ జబ్బుల్లో మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగదశవేనని 2017లోనే భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల్లో చెప్పింది. డబ్బిస్తే ఫలానా దేశంలో కిడ్నీ దొరుకుతుందనే మధ్యవర్తి అంతకంటే ప్రమాదం. అవయవాల కొనుగోలు 1994 చట్టం కింద నేరం, అలా తెచ్చుకున్న కిడ్నీ ఎవరిదో, ఏ జబ్బుతో వస్తుందో తెలియదు.

ఇన్ని కోణాలు చూశాక తేలేది ఇది. డెల్టాలోని పెద్ద జబ్బుల్లో అత్యధిక భాగానికి విదేశం అక్కర్లేదు. అవసరమైన కొద్దిమందికి ముందుగా చేయాల్సిన పని, అంటే రెండో అభిప్రాయం, ఖర్చు తక్కువది; దాన్నే మనం ఆఖరుకు వదిలేస్తున్నాం. తప్పు కుటుంబాలది మాత్రమే కాదు. కాకినాడలో 1958 నుంచి రంగరాయ వైద్య కళాశాల ఉంది, రాజమండ్రి, ఏలూరుల్లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. రెండో అభిప్రాయానికి బ్లాకులు, స్కానులు పంపించి, అరుదైన జబ్బుల దరఖాస్తు నింపించి, విదేశీ అంచనా కాగితాన్ని చదివి చెప్పే బల్ల ఒక్కటి, ఇద్దరు మనుషులతో, ఈ మూడు చోట్లా పెట్టడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. ప్రజాప్రతినిధులను రోడ్లు, వంతెనలు అడిగినట్టే దీన్నీ అడగండి. అది వచ్చేలోపు ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బని తెలిస్తే, వీసా గురించి ఫోను చేసే ముందు ల్యాబుకు వెళ్లి బ్లాకు, స్కాన్ సెంటరుకు వెళ్లి సీడీ తెచ్చుకోండి.